పాతకాలపు సామానుతో అడవి నడక: మన అడవుల్లో ఎంతవరకు కుదురుతుంది?

సంక్షిప్తంగా: ప్లాస్టిక్, నైలాన్, గ్యాస్ లేకుండా, ఒకనాటి మనుషులు వాడిన సామానుతోనే అడవిలో నడిచే అలవాటు (హిస్టారికల్ ట్రెక్కింగ్) అమెరికాలో పుట్టింది. ఉత్తర తెలంగాణలో అందుకు కావలసిన వస్తువులు చాలావరకు ఇప్పటికీ తయారవుతున్నాయి. చిక్కంతా కత్తి, నిప్పు, వేటల దగ్గరే వస్తుంది. వాటి విషయంలో మన చట్టం చాలా గట్టిది. వానాకాలపు వాగులు, నేలమీది పాములు, ఆ అడవుల్లోనే కాపురముంటున్న జనం కూడా లెక్కలోకి రావాలి. వీటన్నిటికీ లోబడి చేసే నడక చిన్నదే అవుతుంది, కానీ చేయదగినదే.

## ఏమిటీ పద్ధతి

రాయితో నిప్పు పుట్టించే, ఆకులతో గుడిసె కట్టే వీడియోలకు యూట్యూబ్‌లో కొదవ లేదు. వాటిని చూసినవారికి తాడ్వాయి అడవిలోనో జన్నారం దగ్గరో అలాగే చేసి చూడాలనిపించడం సహజం. ఇక్కడ మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. సర్వైవల్ అంటే ఆపదలో చిక్కుకున్నప్పుడు ఏది దొరికితే దానితో ప్రాణం నిలుపుకోవడం. బుష్‌క్రాఫ్ట్ అంటే అడవిలో దొరికే కట్టె, నార, ఆకులతో పనులు చక్కబెట్టుకునే నేర్పు. దానికి కొత్త స్టీలు కత్తి వాడినా తప్పులేదు. మూడోది హిస్టారికల్ ట్రెక్కింగ్. దీనిలో ముందు ఒక కాలాన్ని, ఒక ప్రాంతాన్ని ఎంచుకుంటారు. ఆ కాలంలో, ఆ ప్రాంతంలో వాడినట్టు ఆధారం ఉన్న వస్తువులే మూటలోకి ఎక్కుతాయి. ఆధారం లేకపోతే ఎంత ముచ్చటైన వస్తువైనా ఇంట్లోనే ఉండిపోతుంది.

అమెరికాలో ఇది పాతకాలపు తుపాకులమీద మోజుతో మొదలైంది. గొట్టంలో తుపాకిమందు కూరి పేల్చే తుపాకుల పోటీలు నడిపేందుకు అక్కడ 1933లోనే జాతీయ సంఘం ఏర్పడింది. 1825 నుంచి 1840 దాకా రాకీ పర్వతాల్లో బొచ్చు వ్యాపారులు ఏటా జరుపుకున్న కూటములను అనుకరిస్తూ ఆ తర్వాత శిబిరాలు వెలిశాయి. కొందరికి శిబిరంలో కూర్చోవడం చాలలేదు. 1760లు, 70లలో అపలాచియన్ కొండలు దాటి కెంటకీ అడవుల్లో నెలల తరబడి వేటాడిన లాంగ్ హంటర్ల మాదిరిగా నడవడం మొదలుపెట్టారు. ఉన్ని దుప్పటి, నార చొక్కా, జింక తోలు చెప్పులు, చెకుముకి తుపాకీ, చిన్న గొడ్డలి, వేయించిన మొక్కజొన్న పిండి, ఎండుమాంసం వారి సామాను. వేట ఆ పద్ధతికి గుండెకాయ. దాన్ని మన దగ్గరికి తెచ్చేటప్పుడు మొదట తీసేయవలసింది కూడా వేటనే.

## కాకతీయుల కాలమా, 1940లా?

వరంగల్ పేరు వినగానే కాకతీయులు గుర్తుకొస్తారు. గణపతిదేవుడి కాలంలో 1213లో రామప్ప గుడి కట్టారు. పాకాల చెరువూ ఆ కాలానిదే. ఆ చెరువు కట్టమీద 13వ శతాబ్దపు బాటసారిలా నడవాలన్న ఆలోచన ఆకర్షణీయమైనదే. కాని ఆనాటి మామూలు మనిషి అడవిలో ఏం కట్టుకుని, ఏం మోసుకుని నడిచాడో చెప్పే ఆధారాలు చాలా తక్కువ. శాసనాలు చెరువులు, దానాలు, పన్నుల గురించి చెబుతాయి. రామప్ప మదనికల్లో ఒకరి కాళ్లకు ఎత్తుమడమల పాదరక్షలు కనిపిస్తాయి. అది నృత్యశాల ముచ్చట. ముళ్లదారిలో పోయే కూలీ కాళ్ల గురించి ఆ శిల్పం ఏమీ చెప్పదు.

ఆధారాలు పట్టి నడవాలంటే తిండి దగ్గర పరీక్ష ఇంకా కఠినమవుతుంది. మిరపకాయ, మక్క, టమాట, ఆలుగడ్డ, పల్లి, పొగాకు అన్నీ అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసువారి రాక తర్వాతే మన నేలకు వచ్చాయి. కాబట్టి కాకతీయుల కాలం ఎంచుకున్నవారి సద్దిమూటలో పచ్చిమిర్చి తొక్కు ఉండకూడదు, మక్క గటక ఉండకూడదు. జొన్నలు, కొర్రలు, మిరియాలు, చింతపండు, బెల్లం, నువ్వులతో సరిపెట్టుకోవాలి.

ఈ కారణాల వల్ల ఉత్తర తెలంగాణకు 1940ల కాలమే అనువైనదని చెప్పాలి. కుమురం భీం జోడెఘాట్‌లో అమరుడైన 1940వ సంవత్సరం తర్వాత, నిజాం ప్రభుత్వం గిరిజనుల స్థితిగతులు తెలుసుకునేందుకు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ సేవలు తీసుకుంది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గూడెంలో ఉండి గోండుల జీవితాన్ని దగ్గరగా చూసి రాశారు, ఫొటోలు తీశారు. పాత్రలు, బట్టలు, పనిముట్లు ఎలా ఉండేవో ఆ చిత్రాల్లో కంటికి కనిపిస్తుంది. పైగా ఆ కాలపు వస్తువులను వాడినవారి మనవలు, మనవరాళ్లు ఇప్పుడు ఉన్నారు. తాత నీళ్లకు వాడిన సొరకాయ బుర్రకు మూత ఎలా ఉండేదో వారినే అడిగి తెలుసుకోవచ్చు. కాకతీయుల మీద ప్రేమ ఎంత ఉన్నా ఈ సౌకర్యం ఆ కాలానికి లేదు.

## గొంగడి ఎలా పనిచేస్తుంది

సామానులో అన్నిటికంటే ముఖ్యమైనది గొంగడి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని కురుమలు చేత్తో వడికి, గుంతమగ్గం మీద నేస్తారు. రంగు అద్దరు, గొర్రె రంగే గొంగడి రంగు. నేతకు ముందు పడుగు దారాలకు చింతగింజల గంజి పట్టిస్తారు. కొత్త గొంగడి అట్టలా బిరుసుగా ఉండి, వాడే కొద్దీ మెత్తబడటానికి ఈ గంజి ఒక కారణం.

ఉన్ని దాని బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపలికి పీల్చుకున్నా తాకితే తడిగా అనిపించదు. దారపు పోగులు ముంగురుల్లా వంకరలు తిరిగి ఉంటాయి. వాటి సందుల్లో చిక్కుకున్న గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. నూలు దుప్పటి అలా కాదు. తడవగానే పోగులు ఒకదానికొకటి అతుక్కుని, గాలి పోయి, ఒంట్లో వేడిని లాగేస్తుంది. వానలో గొంగడిని ఒక మూలనుంచి లోపలికి మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంటే నీటి చుక్కలు బిరుసు ఉన్ని మీద నిలిచి, మడతల వెంట కిందికి జారిపోతాయి. ముసురు వానకు ఇది సరిపోతుంది. గంటల తరబడి కుండపోత పడితే గొంగడి కూడా నానిపోతుంది. అప్పుడు దాని బరువు మోయడమే ఒక పని అవుతుంది, ఆరడానికి రోజంతా పడుతుంది.

నిప్పు విషయంలోనూ తేడా ఉంది. పాలిస్టర్ దాదాపు 250 డిగ్రీల వేడికే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఉన్ని మీద నిప్పురవ్వ పడితే అక్కడే మాడి ఆగిపోతుంది. చలికాలంలో ఆదిలాబాద్, సిర్పూర్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తక్కువకు పడిపోతుంది. అలాంటి రాత్రి గొంగడి ఒక్కటే చాలదు. కింద వరిగడ్డి గానీ ఎండుగడ్డి గానీ మందంగా పరుచుకోవాలి. ఒంటి వేడిని పైనున్న గాలి కంటే కిందనున్న నేలే ఎక్కువగా లాగుతుంది. మొదటిసారి వెళ్లినవారు పైన రెండు కప్పుకుని కింద ఏమీ వేసుకోకపోవడం తరచుగా జరిగే పొరపాటు.

## చెకుముకి, ఉక్కు

చెకుముకి రాయిలోంచి నిప్పు వస్తుందని చాలామంది అనుకుంటారు. రవ్వ నిజానికి ఉక్కుది. పదునైన రాతి అంచు ఉక్కును గీరినప్పుడు సన్నని లోహపు రజను ఊడి వస్తుంది. ఆ రాపిడి వేడికి, గాలిలోని ఆక్సిజన్ తగలడంతో ఆ రజను ఎర్రగా మండుతుంది. రాయి ఉక్కు కంటే గట్టిదై ఉండాలి, అంచు పదును పోకూడదు. వరంగల్ వైపు నల్లరాతి గుట్టల్లో చారలుగా కనిపించే పలుగురాయి ఈ పనికి వస్తుంది. ఆదిలాబాద్‌లో నల్లరేగడి పరుచుకున్న చోట్ల దొరికే చాల్సెడొనీ రకపు రాళ్లు ఇంకా మెరుగు.

ఉక్కులో కర్బనం ఎక్కువ ఉండాలి. మెత్తని ఇనుప చువ్వను ఎంత కొట్టినా రవ్వ రాలదు. స్టెయిన్‌లెస్ స్టీలూ దీనికి పనికిరాదు. పాత ఆకురాయి (అరం) ముక్కను కమ్మరి కొలిమిలో వంచి, నీళ్లలో ముంచి గట్టిపరిస్తే మంచి రవ్వ వస్తుంది. ఉక్కు విషయంలో ఈ ప్రాంతానికి చిన్న పేరేమీ లేదు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కును పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవారు. అక్కడ ఆ పని ఎలా జరిగేదో వర్ణించిన వ్యాసం 1832లో అచ్చయింది.

రవ్వ రాలితే సరిపోదు, దాన్ని పట్టుకునేది కావాలి. నూలు గుడ్డ ముక్కలను మూతకు సన్నని బెజ్జం ఉన్న డబ్బీలో పెట్టి నిప్పు మీద ఉంచితే, గాలి అందక బూడిద కాకుండా నల్లగా మాడతాయి. బెజ్జంలోంచి పొగ ఆగగానే డబ్బీ దించేయాలి. ఈ మసిగుడ్డను రాయి అంచు పైన బొటనవేలితో అదిమి పట్టి, ఉక్కుతో పైనుంచి కిందికి గీరినట్టు కొడితే ఒక రవ్వ దాని మీద పడి ఎర్రని చుక్కగా పాకుతుంది. దాన్ని ఎండు నార గూడులో పెట్టి మెల్లగా ఊదితే మంట లేస్తుంది. ఆషాఢం, శ్రావణంలో గాలిలోని తేమకే మసిగుడ్డ మెత్తబడి రవ్వను పట్టదు. గట్టి మూతగల డబ్బీ అందుకే కావాలి. ఇదంతా ఇంటి వాకిట్లో నేర్చుకోవచ్చు. అడవిలో చేయవచ్చా అన్నది వేరే ప్రశ్న.

## మూట, నీళ్లు, చెప్పులు

నీళ్లకు ఎండిన సొరకాయ బుర్ర ఉంది. తేలిక, కాని రాయి మీద పడితే పగులుతుంది. చుట్టూ నార అల్లిక వేయడం అందుకే. వాగు నీళ్లను ఆనాటివారు అలాగే తాగేవారన్న మాట వాస్తవమే. విరేచనాలతో, కలరాతో చనిపోయినవారూ ఆ కాలంలోనే ఎక్కువ. నీళ్లు ఇంటి నుంచి కాచి తీసుకెళ్లడం, లేదా శుద్ధి మాత్రలు జేబులో ఉంచుకోవడం కాలనియమానికి పెద్ద భంగమేమీ కాదు. అమెరికాలోనూ మందులు, కళ్లద్దాల విషయంలో ఎవరూ పట్టుబట్టరు.

తిండికి జొన్నరొట్టెలు, అటుకులు, పేలాలు, బెల్లం, ఎండబెట్టిన ఇప్పపువ్వు. వీటిలో దేనికీ పొయ్యి అక్కర్లేదు. మోదుగాకు విస్తరి తిన్న చోటే మట్టిలో కలిసిపోతుంది. మోతకు కావడి మంచిదే. రెండు వైపులా బరువు సమంగా ఉండి, వెదురుబద్ద నడకకు తగ్గట్టు ఊగి భుజం మీద భారాన్ని తగ్గిస్తుంది. పొలం గట్ల మీద, బండ్లబాట మీద అది హాయి. పొదలు మూసుకున్న సన్నదారిలో రెండు కొసలూ కొమ్మలకు తట్టుకుంటాయి. అక్కడ గొంగడిలోనే సామాను చుట్టి, భుజం మీదుగా అడ్డంగా కట్టుకున్న మూటే మేలు.

చెప్పుల దగ్గర తొందర పనికిరాదు. చేత్తో కుట్టిన కిర్రు చెప్పులు కాలికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది. కొత్తవి వేసుకుని నేరుగా అడవికి పోతే మొదటి రోజే బొబ్బలు తేలుతాయి. నరికిన వెదురు మోళ్లు తోలు అట్టను కూడా చీల్చగలవు.

## చట్టం ఏమంటుంది

ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు, 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించిన కవ్వాల్, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. 27వ సెక్షన్ ప్రకారం అనుమతి లేనివారు అభయారణ్యంలోకి వెళ్లకూడదు. 28వ సెక్షన్ కింద పర్యటనకు, ఫొటోలకు, పరిశోధనకు అనుమతి ఇవ్వవచ్చు. 30వ సెక్షన్ అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడాన్ని, వదిలేసి పోవడాన్ని నిషేధిస్తుంది. 31వ సెక్షన్ ప్రకారం ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించకూడదు.

చాలామంది గమనించని విషయం ఆయుధానికి ఇదే చట్టం ఇచ్చిన నిర్వచనం. తుపాకులు, మందుగుండుతో పాటు విల్లంబులు, కత్తులు, వలలు, ఉచ్చులు, కొక్కేలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే పాతకాలపు నడకకు అలంకారంగా భుజాన వేసుకున్న విల్లు, నడుముకు కట్టిన కత్తి చట్టం దృష్టిలో వేట సామానే. 'వీడియో కోసం తెచ్చాం' అన్న జవాబు నిలవదు. నాటు తుపాకీకి లైసెన్సు లేకపోతే ఆయుధాల చట్టం కింద అది వేరే నేరం. అభయారణ్యం వెలుపల ఉన్న రిజర్వు అడవుల్లోనూ 1967 నాటి అటవీ చట్టం 20వ సెక్షన్ చొరబాటు, నిప్పు పెట్టడం, చెట్లు కొట్టడం వంటివాటిని నిషేధిస్తుంది.

నిప్పు మీద ఇంత పట్టింపుకు కారణం ఇక్కడి అడవి తీరు. టేకు, నల్లమద్ది, తునికి, వెదురు పెరిగే ఈ అడవులు మాఘం నుంచి ఆకు రాలుస్తాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా ఎండుటాకు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాల్చడం, తునికాకు కొత్త చిగుళ్ల కోసం పొదలకు నిప్పు పెట్టడం వల్ల కార్చిచ్చులు రేగడం అటవీ శాఖకు ఏటా ఉండే తలనొప్పి. దానికి సరదా మంట కూడా తోడైతే ఆపడం ఎవరి తరమూ కాదు. అమెరికా పద్ధతిలో రాత్రి మంటే ప్రధాన ఘట్టం. ఇక్కడ పొయ్యి అక్కర్లేని తిండితో నడవడమే సరైన మార్పు. మంట కావాలంటే అనుమతి ఉన్న శిబిర స్థలంలో, ఊరి వాకిట్లో వేసుకోవచ్చు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులకు తేనె, ఇప్పపువ్వు, తునికాకు వంటివి సేకరించుకునే హక్కు ఉంది. ఆ హక్కు వారి బతుకుదెరువుకు సంబంధించినది. పట్నం నుంచి వచ్చినవారు గూడెంవాళ్లు తెచ్చుకుంటున్నారు కదా అని అదే పని చేయడం కుదరదు.

## వాగు, పాము, పులి

2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామాన్ని ముంచెత్తింది, ప్రాణాలు పోయాయి. ఆ వానల్లోనే వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడబోయిన పదుల మంది పర్యాటకులు వాగు అడ్డంపడి రాత్రంతా అడవిలో చిక్కుకుపోతే, విపత్తు దళాలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. ఇక్కడి వాగుల్లో ప్రమాదం కళ్ల ముందు కురిసే వానలో ఉండదు. ఎగువ గుట్టల మీద కురిసినది కొన్ని గంటల తర్వాత ఒక్కసారిగా దిగుతుంది. పొద్దున మోకాలి లోతున దాటిన వాగు సాయంత్రానికి దాటనివ్వదు. ఫోను కూడా వద్దనుకునే నడకను వానాకాలంలో తలపెట్టకపోవడమే మంచిది.

నేలమీద పడుకోవడం ఇంకో చిక్కు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటు తరచుగా నిద్రలో ఉన్నవారికే తగులుతుంది. నొప్పి పెద్దగా తెలియదు కాబట్టి ఆలస్యంగా గుర్తిస్తారు. చేలో కాపలా కాసేవారు మంచె మీద పడుకోవడానికి పందుల భయం ఒక్కటే కారణం కాదు. నులకమంచం, మంచె దొరకని చోట అంచులు కింద దోపిన దోమతెర వాడాలి. మలేరియా ఉన్న ఏజెన్సీలో అది ఎలాగూ తప్పదు.

మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి పులులు కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తున్నాయి. 2020 నవంబరులోనూ, 2024 నవంబరులోనూ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో మనుషులు చనిపోయారు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్ల కింద ఎలుగుబంట్లు ఎదురవుతాయి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దున కర్రెగుట్టల వైపు మందుపాతరల ముప్పు వేరే ఉంది. ఆ దిక్కు అసలే వద్దు.

## ఆ నడక మానని వారు

పాతకాలపు నడక ఇక్కడ పూర్తిగా గతం కాలేదు. పుష్యమాసంలో గోండుల్లోని మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు కాలినడకన వెళ్లి, ఝరి అనే పాత్రలో గోదావరి నీళ్లు తెచ్చి తమ నాగదేవత నాగోబాకు అభిషేకం చేస్తారు. తెల్లని బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, దారిలో ఊరూరా బస, చివరికి కేస్లాపూర్ మర్రిచెట్టు కింద విడిది. మేడారం జాతరకు సమ్మక్క భర్త పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి కోయ పూజారులు అటవీ మార్గంలో నడిచే తీసుకొస్తారు.

సామాను కోణంలో చూస్తే ఈ యాత్రలు నేర్పేది ఎంతో ఉంది. అంత దూరం నడిచేవారు మోసేది చాలా తక్కువ. గుడారం మోయరు, ఎందుకంటే ఏ రాత్రి ఏ ఊళ్లో ఆగాలో ముందే ఖాయమై ఉంటుంది. సామాను తగ్గడానికి దారిలోని చుట్టరికాలే ఆధారం. ఒంటరిగా అడవిని గెలిచే మనిషి అన్న అమెరికా ఊహ ఈ నేలలో పొసగదు. ఇక్కడ పాతకాలపు ప్రయాణమంటే ఒక ఊరి నుంచి మరో ఊరికి సాగిన నడకే.

అందుకే వేషం విషయంలో జాగ్రత్త అవసరం. గోండుల దండారి పండుగలో గుస్సాడీ నర్తకులు ధరించే నెమలిపింఛాల టోపీ దీక్షకు సంబంధించినది. దాన్ని, దేవర సామానును పోలిన వస్తువులను నడకకు అలంకారంగా వాడటం అవమానమే అవుతుంది. గొంగడి, బుర్ర, కిర్రు చెప్పులు అందరూ వాడుకున్న వస్తువులు. వాటితో ఏ ఇబ్బందీ లేదు.

## ఎక్కడ మొదలుపెట్టాలి

కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. మొదటి నడక పగటిపూట, పొలాల మధ్య బండ్లబాట మీద, చెరువు కట్టల మీదుగా ఒక ఊరి నుంచి మరో ఊరికి పెట్టుకుంటే అనుమతుల చిక్కు తక్కువ. అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతించిన దారుల్లో, స్థానిక గైడుతో, కత్తి, విల్లు లేకుండా వెళ్లాలి. రాత్రి బసకు తాడ్వాయి, జన్నారం వంటి చోట్ల ఉన్న వసతులో, అడిగి ఒప్పించుకున్న రైతు కల్లమో చూసుకోవచ్చు. జేబులో ఫోను స్విచ్ఛాఫ్ చేసి ఉంచుకున్నా పరవాలేదు, ఇంట్లో మాత్రం వదలకూడదు.

ఈ అలవాటు నాలుగు చోట్ల పాతుకుంటే మేలు పొందేది చేతివృత్తులే. మాంసం కోసం ఉన్ని లేని గొర్రెల పెంపకం పెరిగి, దక్కనీ మందలు తరిగి, గొంగడి నేసేవారికి సరైన ఉన్నే దొరకడం కష్టమైంది. బజారులో గొంగడి పేరుతో మిల్లు దుప్పట్లు, సింథటిక్ కలిసినవి అమ్ముతున్నారు. ఒక పోగు లాగి వెలిగిస్తే తేడా తెలుస్తుంది: అసలు ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి పొడిగా రాలుతుంది, సింథటిక్ కరిగి గట్టి గుండులా మిగులుతుంది. గొర్రెలకు ఏడాదికి రెండుసార్లే బొచ్చు కత్తిరిస్తారు, వడకడం, నేయడం చేతిపనే. కాబట్టి చలికాలపు నడకకు గొంగడి కావాలంటే కనీసం కొన్ని నెలల ముందే నేసేవారికి చెప్పి, బయానా ఇచ్చి ఉంచాలి.